పాచి ముందు లవంగం, వాము, వేప

లవంగం, వాము, వేపలలో బాక్టీరియాను చంపే పదార్థాలు ఉన్నాయా? ఉన్నాయి, అందులో సందేహం లేదు. అవి మన పళ్లను కాపాడతాయా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

పన్ను పుచ్చడంలో ముఖ్యపాత్ర స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియాది. 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్ల నుంచి దీన్ని వేరుచేశారు. మనం తిన్న చక్కెరను ఇది ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పీహెచ్, అంటే ఆమ్లత సూచిక, దాదాపు 5.5 కంటే తగ్గితే పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కొంత చక్కెరతో గ్లూకాన్ అనే జిగురు తయారుచేసుకుని పంటిని అంటిపెట్టుకుంటుంది. పొద్దున్నే నాలుకకు జిడ్డుగా తగిలే పాచి, అలాంటి జిగురులో పాతుకుపోయిన రకరకాల బాక్టీరియాల గుంపు.

ప్రయోగశాలలో ఏం చేస్తారంటే, గాజు పళ్లెంలో బాక్టీరియాను పరిచి, లవంగ నూనెలో ముంచిన చిన్న కాగితపు బిళ్లను మధ్యలో పెడతారు. ఒక రోజు గడిచేసరికి బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం కనిపిస్తుంది. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్. అది బాక్టీరియా కణపు పొరను దెబ్బతీస్తుంది, లోపలి సరుకు బయటికి కారిపోతుంది.

నోట్లో ఆ వెసులుబాటు లేదు. పళ్లెంలో మందుకు రోజంతా సమయం దొరికితే, నోట్లో లాలాజలం దాన్ని కొద్ది నిమిషాల్లోనే కడిగేస్తుంది. పైగా పాచిలోని బాక్టీరియా, విడిగా తేలే బాక్టీరియా కంటే ఎన్నో రెట్లు మొండిది. జిగురు మందును లోపలికి సులువుగా చొరనివ్వదు. అడుగు పొరల్లోని కణాలు మందకొడిగా బతుకుతాయి కాబట్టి, చొరబడిన మందుకు కూడా తేలిగ్గా లొంగవు.

అందుకే పాచిని ముందు చెదరగొట్టాలి. వేప పుల్ల కొన నమిలితే నార విడివడి కుంచెలా అవుతుంది. ఆ కుంచెతో చిగురు అంచు దాకా ఓపికగా తోమితే పాచి ఊడుతుంది. చేదు రసం పాత్ర ఎంతైనా, ఆ రాపిడిని తక్కువ చేసి చూడకూడదు.

మొక్కల పదార్థాలు నోటిలోనూ పరీక్షకు నిలిచిన సందర్భం ఉంది. అమెరికాలో 1879లో మొదలైన లిస్టరిన్ పుక్కిలింత మందులో థైమాల్, మెంథాల్, యూకలిప్టాల్, మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి. థైమాల్ మన వాము నూనెలో ప్రధాన పదార్థం, యూకలిప్టాల్ నీలగిరి తైలంలోది. రోజూ తోముకోవడంతో పాటు ఈ మందుతో పుక్కిలించినవారిలో పాచి, చిగుళ్ల వాపు తగ్గినట్లు మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. తగిన మోతాదు, తగిన సమయం కుదిరాయి కాబట్టే ఆ ఫలితం. వాము నమిలితే అంతే మేలు జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం.

పంటినొప్పికి లవంగ నూనె పనిచేసే మాట నిజమే. యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో కలిపి దంతవైద్యులు తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి దాన్నే వాడతారు. కానీ నొప్పి తగ్గినా పుచ్చు లోపలికి పాకుతూనే ఉంటుంది. చిక్కటి నూనె చిగురుకు తగిలితే పుండు పడుతుంది. దయచేసి లవంగాన్ని ఆ రాత్రి గడవడానికే వాడండి, తెల్లారగానే డాక్టరు దగ్గరికి వెళ్లండి.