మీట నొక్కి సొమ్ము చెల్లించుట



నేటి ప్రసంగ విషయము, చేతిఫోను ప్రక్కనుండు చిన్న మీటను రెండుమారులు నొక్కి, ఫోనును అంగడిలోని యంత్రమునకు దగ్గరగా చూపి సొమ్ము చెల్లించు పద్ధతి. ఇది పట్టణవాసుల వేడుక యని కొందరు తలంపవచ్చును. కాని భద్రాచలమున గోదావరి మెట్లకడ కొబ్బరికాయల నమ్ము అంగళ్ళయందును, చుట్టుప్రక్కల వారపు సంతలయందును, నలుపు తెలుపు గళ్ళ అట్టను ముందు పెట్టుకొని బేరము చేయువారు నేడు పలువురు కనబడుదురు. పింఛను, పంటసొమ్ము, పరదేశమునుండి కొడుకు పంపు ఖర్చుడబ్బు, అన్నియు బ్యాంకులోనే పడుచున్నవి. ఆ సొమ్ము వాడుకొనవలసినపుడు ఫోనును పరుల చేతికిచ్చి "నీవే చేసిపెట్టు నాయనా" యనుట పెద్దలలో పలువురకు పరిపాటియైనది. తన సొమ్మును తాను చెల్లింపలేకుండుట గౌరవమునకు లోటు. అంతకంటె అది సొమ్మునకు అపాయము. కావున ఈ పద్ధతి యేమో, ఎంతవరకు నమ్మదగినదో తెలిసికొనుట మనకు అవసరము.

మొదట చెల్లింపనగా నేమో విచారింతము. రూపాయి బిళ్ళ చేతులు మారుట మాత్రమే చెల్లింపు కాదు. మన పూర్వుల కాలమున షావుకార్లు హుండీలు వ్రాసెడివారు. ఒక ఊరి షావుకారు కాగితముపై వ్రాసి యిచ్చినచో, మరియొక ఊరి షావుకారు దానిని చూచి సొమ్ము నిచ్చెడివాడు. మన దేశమున తపాలావారు మనియార్డరును 1880లో ఆరంభించిరి. ఆ మార్గమున పట్టణమున కట్టిన రూపాయి పల్లెలో ముట్టెడిది. ఈ రెంటియందును నాణెము ప్రయాణము చేయలేదు. ఆజ్ఞ మాత్రమే ప్రయాణము చేసినది. మన భద్రాద్రి ఐతిహ్యమును తలచుకొనుడు. పాల్వంచ పరగణా తహశీలుదారైన కంచర్ల గోపన్నగారు గోలకొండ చెరసాలలో నుండగా, రామలక్ష్మణులు తానీషాకు ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని మనవారు చెప్పుకొందురు. కథలో సైతము రసీదు ప్రసక్తి విడువలేదు, చూచితిరా! ఇచ్చువాడెవడో తెలియవలయును, పుచ్చుకొనువాడెవడో తెలియవలయును, ఇచ్చినట్లు గుర్తు మిగులవలయును. ఈ మూడును కుదిరినదే చెల్లింపు. ఫోనులోనైనను ఈ మూడే.

నేడు ఫోనుతో చెల్లించుటకు ముఖ్యముగా రెండు త్రోవలు కలవు. మొదటిది యూపీఐ. జాతీయ చెల్లింపుల సంస్థ 2008లో ఏర్పడినది. అది 2016 ఏప్రిల్‌లో ఈ పద్ధతిని ప్రకటించెను. ఆ సంవత్సరమే నవంబరు 8వ తేదీన 500, 1000 రూపాయల పాత నోట్లు రద్దగుటయు, డిసెంబరు 30న భీమ్ అను సాధనము వెలువడుటయు జరిగినవి. అటుపిమ్మట ఇది పల్లెలకు ప్రాకినది. అంగడివాని గళ్ళ అట్టలో వాని ఖాతా గుర్తు ఇమిడియుండును. మన ఫోను కెమెరా దానిని చదువును. మనము మొత్తమును వేసి, రహస్యమైన పిన్ను అంకెలను నొక్కుదుము. మన బ్యాంకు వాని బ్యాంకునకు సొమ్ము పంపును.

రెండవది తాకింపు పద్ధతి. మందుల దుకాణములు, పెట్రోలు బంకులు, పెద్ద అంగళ్ళు మున్నగు చోట్ల కార్డు గీచు యంత్రముండును. దానిపై నాలుగు వంపు గీతలు, అలలవలె, ముద్రింపబడియున్నచో అది తాకింపు చెల్లింపును స్వీకరించునని గుర్తు. బ్యాంకు కార్డును ముందుగా ఫోనులో నమోదు చేసికొన్నవారు కార్డును బయటికి తీయకయే, ఫోనును ఆ గుర్తుకడ ఉంచినచో చెల్లింపు జరుగును. అమెరికాలో నున్న మన తెలుగు పిల్లలు ఆపిల్ ఫోను ప్రక్కమీటను రెండుమారులు నొక్కి కాఫీకి సొమ్ము చెల్లించుట ఈ పద్ధతియే. అచ్చట ఆపిల్ పే 2014 అక్టోబరులో ఆరంభమైనది. మన దేశమున శాంసంగ్ సంస్థ ఇట్టి యేర్పాటును 2017 మార్చిలో తెచ్చినది.

ఫోను యంత్రమును తాకకయే మాటలాడుట యెట్లని మీరడుగవచ్చును. ఇదియు రేడియో విద్యయే. యంత్రములోని తీగచుట్ట అల్పమైన తరంగమును వెలువరించును. ఫోను వెనుకనున్న మరియొక తీగచుట్ట దానికి బదులిచ్చును. దీనికి ఎన్ఎఫ్‌సి యని పేరు. దీని తరంగము 13.56 మెగాహెర్ట్జులు, మీరు రేడియోలో వినిన లఘుతరంగ ప్రసారముల దాపుననే యున్నది. భేద మేమనగా, రేడియో కేంద్రపు తరంగము సముద్రములను దాటును. ఈ తరంగము రెండుమూడు వ్రేళ్ళ వెడల్పు, అనగా సుమారు నాలుగు సెంటీమీటర్లు, దాటి పనిచేయదు. గట్టిగా అరచిన మాటకును, చెవిలో చెప్పిన మాటకును గల భేదమే యిది.

ఆ చెవిమాటలో మన కార్డు అసలు సంఖ్య పలుకబడదు. దానికి మారుగా ఒక బదులు సంఖ్య ఆ ఫోనునకు మాత్రమే కేటాయింపబడియుండును. ప్రతి చెల్లింపునకు ఒక క్రొత్త రహస్యముద్ర కూడ జతపడును. ఒకడు ఆ మాటను పొంచి వినినను మరియొకమారు వాడుకొనజాలడు. ఈ బదులు సంఖ్యల పద్ధతికి రిజర్వు బ్యాంకు 2019 జనవరిలో నిబంధనలు చేసినది.

ఇక మీట విషయము. ఇచ్చట పెద్దలు ముఖ్యముగా గుర్తింపవలసిన దొకటి కలదు. మీట సొమ్మును చెల్లింపదు. తలుపును తీయును, అంతే. ఫోనులోని పలు బొమ్మల నడుమ చెల్లింపు బొమ్మను వెదకుకొను శ్రమ తప్పించుటకే ఈ దగ్గరిదారి. చూపు మందగించినవారికి ఇది నిజముగా మేలు. శాంసంగ్ ఫోనులలో సెట్టింగులు, అందు అడ్వాన్స్‌డ్ ఫీచర్లు, అందు సైడ్ బటను అను చోట, రెండుమారులు నొక్కినచో ఏది తెరచుకొనవలయునో నిర్ణయించుకొనవచ్చును. అచ్చట కార్డుల సంచి బొమ్మను గాని, మీరు వాడు యూపీఐ బొమ్మను గాని యెన్నుకొనవచ్చును. ఇతర ఫోనులలో ఈ యేర్పాటు వేరు పేర్లతో నుండును, కొన్నింటిలో నుండదు. అట్టివారు ఆ బొమ్మను తెర అడుగువరుసలో పెట్టించుకొన్నను చాలును. మన సంతలలో గళ్ళ అట్టలే యెక్కువ గనుక, మీటకు యూపీఐని కట్టుకొనుట గ్రామవాసులకు అధికోపయోగము.

మీటను ఎన్నిమారులు నొక్కితిమో లెక్క యుండవలయును. 2017 జనవరి 1 తరువాత మన దేశమున అమ్ము ఫోనులలో ఆపద మీట యుండవలయునని ప్రభుత్వము నిబంధన చేసియున్నది. కావున ఆ ప్రక్కమీటనే మూడుమారులు, కొన్ని ఫోనులలో ఐదుమారులు, గబగబ నొక్కినచో 112 సంఖ్యకు ఆపద పిలుపు పోవును. రెండు చెల్లింపునకు, అంతకు మించినచో ఆపదకు, అని జ్ఞాపకముంచుకొనుడు. చేయి వణకువారు తొందరపడక నొక్కవలయును. అడవి త్రోవలో కాలుజారి పడినవానికి ఆ రెండవ ప్రయోజనము మొదటిదానికంటె విలువైనది.

అంగడిలో క్రమమిది. మొదట అంగడివాడు యంత్రముపై వేసిన మొత్తమును మీరే చదువుకొనుడు. పిమ్మట మీటను రెండుమారులు నొక్కుడు. ఫోను మీ వ్రేలిముద్రను గాని, తాళపు అంకెలను గాని అడుగును. ఇచ్చిన పిమ్మట ఫోను వెనుకభాగమును యంత్రపు అలల గుర్తుకడ రెండు క్షణములు నిలుపుడు. శబ్దము వచ్చును, తెరపై గుర్తు పడును. మొత్తము 5000 రూపాయలు మించినచో యంత్రముపై కార్డు పిన్నును కూడ నొక్కవలసియుండును. బ్యాంకు సందేశము వచ్చినదో లేదో చూచుకొని గాని కదలకుడు. రామదాసుగారి రసీదు వంటిది ఆ సందేశమే.

పొలమున కష్టించి, తునికాకు కోసి, వ్రేళ్ళు అరిగినవారికి వ్రేలిముద్ర పడకపోవచ్చును. అది వారి లోపము కాదు, ఫోను లోపమును కాదు. అట్టివారు అంకెల తాళమునే వాడుకొనవలయును. కాని పుట్టినయేడును, ఒకటి రెండు మూడు నాలుగును తాళముగా పెట్టుకొనకుడు. తాళము వేసి గొళ్ళెము మరచిన సామెత మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు కొన్ని సందేహములు. జేబులో మీట తానుగా నొక్కుకొన్నచో సొమ్ము పోవునా? పోదు, తలుపు తెరచుకొన్నను ముద్ర గాని అంకెలు గాని లేక చెల్లింపు సాగదు. శ్రీరామనవమి కల్యాణమునాటి జనసమ్మర్దములో ఎవడైన యంత్రమును జేబునకు తాకించి సొమ్ము లాగునా? తాళము వేసిన ఫోనునుండి లాగజాలడు. నిజమునకు భయపడవలసినది ప్లాస్టిక్ కార్డు విషయమున. 2021 జనవరి 1నుండి 5000 రూపాయల వరకు అలల గుర్తుగల కార్డును తాకించిన మాత్రాన, పిన్ను లేకయే చెల్లింపు జరుగవచ్చును. కార్డు పోగొట్టుకొన్నచో దొరకినవాడు వాడుకొనగలడు. కావున తాకింపు వలదనుకొన్నవారు బ్యాంకును అడిగి ఆ సౌకర్యమును నిలిపివేయించుకొనవచ్చును. 2020లో రిజర్వు బ్యాంకు ఆ హక్కును ఖాతాదారులకు కల్పించినది.

దొంగ తాళమును పగులగొట్టుటకంటె, మనచేతనే తలుపు తీయించుట సులభమని యెరుగును. కావున మోసములన్నియు మాటల రూపమున వచ్చును. "మీకు సొమ్ము పంపుచున్నాము, స్వీకరించుటకు పిన్ను నొక్కుడు" అని యొకడు చెప్పును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు; ఇచ్చుటకే పిన్ను. ఈ యొక్క వాక్యమును ఇంటిగోడపై వ్రాసికొన్నను తప్పులేదు. మరియొకడు "మేము బ్యాంకువారము" అని వచ్చిన అంకెలను చదువుమనును. ఏ బ్యాంకు ఉద్యోగియు ఆ అంకెలను అడుగడు. ఇంకొకడు అంగడి అట్టపై తన గళ్ళ కాగితమును అంటించి పోవును. అందువలన చెల్లించుటకు ముందు తెరపై కనబడు పేరు అంగడివానిదేనా యని అడిగి తెలిసికొనుడు.

మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనకుడు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు, బ్యాంకునకును తెలుపుడు. ఆలస్యము కొలది సొమ్ము చేతులు మారి దూరమగును. మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక, నడుమ నెవడో చేసిన మోసమైనచో మూడు పనిదినములలో తెలిపినవారికి నష్టము చుట్టుకొనరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఉత్తరువు చేసినది. పిన్నును మనమే చెప్పియిచ్చినచో, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము మనదే. ఈ భేదము గుర్తుండవలయును.

అడవి యంచు గ్రామములలో సంకేతములు అందవని మీరనవచ్చును. అది నిజము. గళ్ళ అట్టతో చేయు సాధారణ చెల్లింపునకు ఇంటర్నెట్టు కావలయును. మామూలు మీటల ఫోనుగలవారికై 2022 మార్చిలో యూపీఐ 123 పే అను పద్ధతి వచ్చినది. ఇంటర్నెట్టు లేకయే రెండు ఫోనులను దగ్గర చేర్చి సొమ్ము పంపు యూపీఐ లైట్ ఎక్స్ అను పద్ధతిని 2023 సెప్టెంబరులో ప్రకటించిరి. దానికి రెండు ఫోనులయందును ఎన్ఎఫ్‌సి యుండవలయును. ఐనను యంత్రములను నమ్మి రొక్కమును పూర్తిగా విడువరాదు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలమున 75.6 అడుగులు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు చేరినది. అట్టి దినములలో విద్యుత్తు పోయినచో ఫోను నిద్రించును. ఉప్పు, బియ్యము, పడవకూలి మాత్రము నిద్రింపవు. వర్షాకాలమున పది దినముల ఖర్చునకు సరిపడు చిల్లర నోట్లు ఇంట నుంచుకొనుట వివేకము.

తుదకు ఒక హితవు. చేతి నోటు తరిగిపోవుట కంటికి కనబడును; ఫోనులో తరుగుదల కనబడదు. రొంటిని దోపుకొన్న చిల్లర వేరు, ఇంటి పెట్టెలోని సొమ్ము వేరు అని మన పెద్దలు పాటించిరి. ఆ నియమమునే ఇచ్చటను పాటింపుడు. ఫోనునకు కట్టిన ఖాతాలో నెల ఖర్చునకు తగినంత మాత్రముంచి, మిగిలినదానిని వేరొక ఖాతాలో నుంచుడు. ఎట్టి పొరపాటు జరిగినను రొంటి చిల్లరయే పోవును, పెట్టె భద్రముగ నుండును.

మనుమడు మీటను కట్టిపెట్టవచ్చును. ఫోను భాష మార్చిపెట్టవచ్చును. ఒకటి రెండుమారులు ప్రక్కన నిలిచి నేర్పవచ్చును. పిన్ను అంకెలు మాత్రము మీరే యెన్నుకొని, మీరే నొక్కి, మీ మనస్సులోనే యుంచుకొనుడు. బిడ్డలయందు ప్రేమ వేరు, తాళపుచెవి వేరు. మొదట పది రూపాయల ఉప్పుపొట్లముతో అభ్యాసము చేయుడు. అది సరిగా జరిగినచో నూరు, పిమ్మట వేయి. అక్షరాభ్యాసమునాడు పలకపై "ఓనమాలు" దిద్దిన చేతికి ఈ రెండు నొక్కులు కష్టము కానేరవు. సెలవు.