ఎక్స్‌గ్రేషియాతో హక్కు తీరిపోదు: పడవ ప్రమాద బాధితులకు ఉన్న చట్టపరమైన దారులు

2018 మే 15న గోదావరిలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఏజెన్సీ గ్రామాల ఆదివాసీలు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న అదే మండలం కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్రకు వెళ్తున్న రాయల్ వశిష్ట బోటు మునిగింది. దాన్ని బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది. రెండుసార్లూ ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది.

చెక్కు అందాక చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. మేం చెప్పదలచింది ఒకటే. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే సాయం. నష్టపరిహారం మనం హక్కుగా అడిగేది. మొదటిది తీసుకున్నంత మాత్రాన రెండోది పోదు.

రోడ్డు ప్రమాదాలకు ఉన్నట్టు పడవ ప్రమాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్ లేదు. ప్రధానంగా మూడు దారులున్నాయి.

ఒకటి, వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టి పడవ ఎక్కినవారు వినియోగదారులే. చనిపోతే వారసులు ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు.

రెండు, సివిల్ కోర్టు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం బోటు యజమానిపై దావా వేయవచ్చు. మరణించిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.

మూడు, హైకోర్టు. అనుమతి లేని బోటును అధికారులు చూస్తూ వదిలేసి ఉంటే, 226వ అధికరణం కింద ప్రభుత్వాన్నే బాధ్యురాలిని చేయమని రిట్ వేయవచ్చు.

క్రిమినల్ కేసు వీటికి అడ్డు కాదు. ప్రమాదకరంగా ఉన్న లేదా పరిమితికి మించి ఎక్కించిన పడవలో కిరాయికి జనాన్ని తీసుకెళ్లడం భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షన్ కింద నేరం.

ఇక సాక్ష్యాలు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్ట్‌మార్టం రిపోర్టు, టికెట్ లేదా ఫోన్‌పే రసీదు, ఫోన్లో ఉన్న ఫొటోలు భద్రపరచాలి. 2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మరబోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. ఆ కాగితాల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. రాజీ పేరుతో యజమాని మనుషులు తెచ్చే కాగితం మీద లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకూడదు.

లాయరుకు డబ్బులేవంటారా? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. మండల, జిల్లా న్యాయసేవల సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు. బాధిత కుటుంబాన్ని పరామర్శించడానికి వెళ్లే కార్యకర్తలు ఆ దరఖాస్తు ఫారం కూడా వెంట తీసుకెళ్లాలి. రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.