చుక్కల లెక్క తెలిస్తే.. పెరడు పచ్చన
పాత డ్రమ్ము, నల్ల పైపుతో ఇంటి వద్దే బిందుసేద్యం

అనంతపురం: వేసవి ముదిరితే కరవుసీమలో ముందుగా వాడేది పెరటి మొక్కే. బోర్లు ఎండి ట్యాంకర్లు తిరిగే వీధుల్లో తాగునీటికే బిందెలు బారులు తీరుతాయి. అటువంటి వేళ కరివేపాకు చెట్టుకో, నిమ్మ మొక్కకో బకెట్టు నీరు పోయడానికి గృహిణులకు మనసొప్పదు. ఫలితంగా మూడు, నాలుగేళ్లు పెంచిన మొక్క నెల రోజుల్లో మోడువారుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. ఉన్న కొద్దిపాటి నీటిని వేరుకు నేరుగా అందించడమొక్కటే ఇందుకు మార్గం.

పొలాలకు రాయితీపై బిందుసేద్య పరికరాలు అందించేందుకు రాష్ట్రంలో 2003లో సూక్ష్మసేద్య పథకం మొదలైంది. పది, పన్నెండు మొక్కలున్న పెరటికి అంత హంగు అవసరం లేదు. మోటారు, విద్యుత్తు లేకుండానే స్వల్ప ఖర్చుతో ఈ ఏర్పాటు చేసుకోవచ్చు.

అమరిక ఇలా..

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, ఒక కుళాయి, చిన్న జాలీ ఫిల్టరు, 16 మిల్లీమీటర్ల నల్ల లేటరల్ పైపు, మొక్కకొకటి చొప్పున డ్రిప్పర్లు, పైపు చివర బిగించే మూత ఉంటే చాలు. ఇవన్నీ డ్రిప్ సామగ్రి దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. పురుగుమందులు, రసాయనాలు నిల్వ చేసిన డ్రమ్ములను మాత్రం వాడరాదు.

డ్రమ్మును నేలకు మూడడుగులకు పైగా ఎత్తున రాతి దిమ్మెపై నిలపాలి. నిండిన డ్రమ్ములో నీటి బరువే 200 కిలోలు. దిమ్మె గట్టిగా లేకుంటే పక్కన ఆడుకునే పిల్లలకు ప్రమాదం. డ్రమ్ము అడుగుకు కాస్త పైన కుళాయి బిగించి, ఫిల్టరు మీదుగా పైపును మొక్కల వరుస వెంట పరచాలి. ప్రతి మొక్క మొదలుకు జానెడు దూరంలో రంధ్రం చేసి డ్రిప్పరు గుచ్చాలి.

లెక్క తప్పేది ఇక్కడే

గంటకు నాలుగు లీటర్లని రాసి ఉన్న డ్రిప్పరు ఇంటి వద్ద అంత నీరు ఇవ్వదు. ఆ లెక్క చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడికి, అంటే పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి వర్తిస్తుంది. మీటరు ఎత్తులోని డ్రమ్ము నుంచి గంటకు వచ్చేది సుమారు ఒకటిన్నర లీటరే. ఇది తెలియక గంటకే కుళాయి కట్టేసేవారు మొక్క ఎండితే డ్రిప్పును నిందిస్తుంటారు. మూడు గంటలు వదిలితే మొక్కకు నాలుగు లీటర్లకు పైగా అందుతుంది. పన్నెండు మొక్కలకు రోజుకు సుమారు 54 లీటర్లు. ఈ లెక్కన ఒక డ్రమ్ము మూడు రోజులకు పైగా వస్తుంది. అదే మొక్కకొక 15 లీటర్ల బకెట్టు పోస్తే ఒక్కరోజుకే 180 లీటర్లు కావాలి.

డ్రిప్పరు కింద లీటరు సీసా ఉంచి, నిండే సమయం చూసుకుంటే ఎవరికి వారే లెక్క సరిచేసుకోవచ్చు. ఒత్తిడిని సమం చేసే రకం డ్రిప్పర్లు ఇంత తక్కువ ఎత్తులో సరిగా పనిచేయవు. కొనేటప్పుడే సాదా రకం అడిగి తీసుకోవాలి. ఎర్ర నేలల్లో నీరు పక్కలకు పాకకుండా లోతుకు దిగుతుంది. కనుక నిమ్మ, మునగ వంటి వాటికి చెరోవైపు ఒక డ్రిప్పరు అమర్చడం మేలు.

సెలైన్ గొట్టం వాడితే..

రెండు, మూడు కుండీలే ఉన్నవారు సెలైన్ గొట్టాన్ని నీటి సీసాకు బిగించి వేలాడదీయవచ్చు. సాధారణ గొట్టంలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకో చుక్క వదిలితే గంటకు 180 మిల్లీలీటర్లు, పది గంటలకు 1.8 లీటర్లు. అయితే ఆసుపత్రుల్లో వాడి పారేసిన గొట్టాలను తేవడం ప్రమాదకరం. అవి జీవవైద్య వ్యర్థాలు. మందుల దుకాణంలో కొత్తవి కొనడమే శ్రేయస్కరం.

జాగ్రత్తలు

* డ్రమ్ముపై మూత తప్పనిసరి. తెరిచి ఉంచితే పాచి పట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి, దోమలు పెరుగుతాయి.
* సబ్బు నీరు, బియ్యం కడిగిన నీరు డ్రమ్ములో పోయరాదు. బియ్యం కడుగును నేరుగా మొక్క మొదట్లో పోయవచ్చు.
* వారానికోసారి పైపు చివర మూత తీసి మడ్డి నీటిని వదిలేయాలి. ఉప్పు నీటి వల్ల తెల్లటి పొర కట్టిన డ్రిప్పర్లను వెనిగర్‌లో నానబెట్టి కడగాలి.
* మొక్క చుట్టూ వేరుశనగ పొట్టు గానీ ఎండుటాకులు గానీ పరిస్తే తడి త్వరగా ఆరదు.
* మట్టిలో రెండంగుళాల లోతున వేలు పెట్టి చూసి, తడి ఉంటే ఆ రోజు కుళాయి తిప్పనవసరం లేదు.

మొక్క వాడాక పైపుల కోసం తిరగడం కన్నా శివరాత్రి నాటికే ఈ ఏర్పాటు పూర్తి చేసుకోవాలి. అప్పుడు ట్యాంకరు నీటిలో మొక్కకు దక్కే నాలుగు లీటర్లతోనే వేసవి గట్టెక్కవచ్చు.