పిల్లల పద్దులు కంప్యూటరులోకి – బడులు చూసి కొనాలి

బెంజ్ సర్కిల్: చెన్నై–కోల్‌కతా రహదారి, బందరు రోడ్డు కలుసుకునే ఈ కూడలి నుంచి పటమట వైపు వెళ్లినా, మొగల్రాజపురం వైపు తిరిగినా, కానూరు, పోరంకి దాకా సాగినా ప్రైవేటు బడుల బోర్డులు కనిపిస్తూనే వుంటాయి. పెద్ద సంస్థలకు ఈ పనికి మనుషులుంటారు. చిక్కల్లా మూడు నాలుగు వందల మంది పిల్లలతో, ఒక్క గుమాస్తాతో నడిచే చిన్న బడులకే. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, ఫీజు రసీదులు, మార్కుల జాబితా, టి.సి. పుస్తకం అన్నింటినీ ఒక్కచోట చేర్చే సాఫ్ట్‌వేర్ కొనాలంటే దేనిని ఎంచుకోవాలి? అమ్మజూపే వారు చాలామంది వున్నారు. ఏమి అడగాలో తెలిసిన కొనుగోలుదారులు తక్కువ.

ఒక్క అక్షరం తప్పితే

పదవ తరగతి పరీక్షలకు బడి పంపే నామినల్ రోల్సులో ఏ పేరు, ఏ పుట్టిన తేదీ వుంటే సర్టిఫికెట్టులో అదే అచ్చవుతుంది. ఆ తర్వాత దిద్దించుకోవడమంటే తల ప్రాణం తోకకు రావడమే. 2022–23 నుంచి కేంద్రం యుడైస్ ప్లస్ కింద ఒక్కొక్క విద్యార్థి వివరాలను విడివిడిగా తీసుకుంటున్నది. అపార్ అనే 12 అంకెల సంఖ్య రావాలంటే బడి పుస్తకంలోని పేరు ఆధార్ పేరుతో సరిపోవాలి. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద విద్యార్థికి 15 వేల రూపాయల లెక్కన మంజూరై, అందులో 13 వేలు తల్లి ఖాతాకు చేరాయి. ప్రైవేటు బడి పిల్లలకూ ఇది వర్తించింది. బడి పద్దులో పొరపాటు పడితే నష్టపోయేది ఆ తల్లే.

ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. వేరే చోట తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఇంటిపేరు గడి చివర వుంటుంది. గుమాస్తా ఒకరికి ముందు, ఇంకొకరికి వెనుక ఎక్కిస్తే ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు ఇళ్ల వారవుతారు. 2022 ఏప్రిల్ 4న విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది. అంతకుముందు చేరిన పిల్లల పద్దులో కృష్ణా జిల్లా అనే వుంటుంది. కొత్త పేరు ఎక్కించినప్పుడు పాతది చెరిగిపోకుండా, ఎవరు ఎప్పుడు మార్చారో తెలిసేలా వుండాలి. మార్కుల విషయంలోనూ అంతే.

వరద నేర్పిన పాఠం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో వున్న సంగతి పాఠకులకు తెలిసిందే. బీరువాలో రిజిస్టరుకు ఏ గతి పడుతుందో, కింది అంతస్తు గదిలోని కంప్యూటరుకూ అదే గతి. కాబట్టి నకలు వేరే చోట వుండాలి. వున్నదని చెబితే చాలదు. ఒక తరగతి జాబితాను చెరిపి, ఆ నకలు నుంచి తిరిగి తెచ్చి చూపమని అడగాలి.

తాళం ఎవరి చేతిలో?

అమెరికాలో వేలాది బడుల పద్దులు చూసే పవర్‌స్కూల్ సంస్థలోకి 2024 డిసెంబరులో దొంగిలించిన లాగిన్ వివరాలతో దుండగులు చొరబడి పెద్ద సంఖ్యలో విద్యార్థుల వివరాలు పట్టుకుపోయారు. సొమ్ము చెల్లించినట్లు ఆ సంస్థ 2025 మేలో ఒప్పుకున్నది. అయినా కొన్ని బడులకు బెదిరింపులు తప్పలేదు.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నది. భద్రతలో లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పిల్లల ఆధార్, ఫోను నెంబర్లు బయటకు పొక్కితే అమ్మిన వారిని చూపి బడి తప్పించుకోజాలదు.

కొనే ముందు

ధర బడి మొత్తానికా, పిల్లవానికి ఏడాదికి ఇంతనా? ఫోను సందేశాలకు విడిగా సొమ్ము కట్టాలా? యుడైస్‌కు కావలసిన రూపంలో వివరాలు వస్తాయా, గుమాస్తా మళ్లీ ఎక్కించాలా? రేపు ఒప్పందం వద్దనుకుంటే పద్దులన్నీ ఎక్సెల్ పట్టికగా తిరిగి ఇస్తారా? ఇచ్చాక తమ వద్ద వున్నవి చెరిపేస్తారా? ఈ జవాబులు నోటిమాటగా గాక కాగితం మీద వుండాలి. చివరి రెండింటికి వెనుకాడే వారి వద్ద కొనకపోవడమే మేలు.

మొదట ఒక్క తరగతికి మూడు నెలలు వాడి చూసి, అంతవరకు పాత రిజిస్టరు కూడా రాయడం క్షేమం. ఆ పని పూర్తిచేసి, మిగతా తరగతుల వివరాలు వేసవి సెలవుల్లో ఎక్కించాలి. జూన్‌లో అడ్మిషన్ల రద్దీలో మొదలుపెడితే పాతది పోయి, కొత్తది అందక అందరికీ ఇబ్బందే. ఎక్కించిన వివరాలను అచ్చువేసి, తల్లిదండ్రుల చేత సరిచూపించి సంతకం తీసుకోవాలి.

చిన్న బడులు కొనే ముందు అడగవలసిన ప్రశ్నల నమూనా ఒకటి జిల్లా విద్యాశాఖ తయారుచేసి ఇస్తే ఎంతో మేలు చేసినట్లవుతుంది. అధికారులు శ్రద్ధ వహించగలరు.