మంట ఆరింది సరే... గ్యాస్ ఆగిందా?

మీ బ్యాగులో ఉన్న తలనొప్పి మాత్రనే తీసుకోండి. అందులోని మందు తయారయ్యేటప్పుడు ఏదో ఒక దశలో మెథనాల్ లాంటి ద్రావకం వాడి ఉండొచ్చు. ఆ తర్వాత ఆరబెట్టి తీసేస్తారు. మరి మొత్తం పోయిందా, ఎంతో కొంత మిగిలిందా? అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మెథనాల్ 3,000 పీపీఎం దాటకూడదు. డైక్లోరోమీథేన్ 600 దాటకూడదు. బెంజీన్ అయితే మరీ కఠినం, 2 పీపీఎం మాత్రమే. అంటే పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు! ఇంత సన్నని లెక్క తేల్చే మెషీన్ పేరు గ్యాస్ క్రొమటోగ్రాఫ్. ల్యాబుల్లో అందరూ పిలిచేది ‘జీసీ’ అనే.

జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ... ఫార్మా కంపెనీలున్న ఏ ప్రాంతానికెళ్లినా క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఇది కనిపిస్తుంది. రక్తంలో ఆల్కహాల్ ఎంతుందో చెప్పే ఫోరెన్సిక్ ల్యాబుల్లో, కూరగాయల్లో పురుగుమందుల ఆనవాళ్లు వెతికేచోట, యూనివర్సిటీల్లో కూడా ఇదే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చేసిన మన ఫ్రెండ్స్‌లో చాలామంది రోజూ దీని ముందే నిలబడతారు. చూడ్డానికి పెద్ద మైక్రోవేవ్ ఓవెన్‌లా అమాయకంగా ఉంటుంది. కానీ దాని లోపల మంట ఉంది. వెనకాల హైడ్రోజన్ పైపు ఉంది. పక్కన 150 బార్ల ఒత్తిడితో సిలిండర్ ఉంది. పైగా ఆ మెషీన్ ఒక్కరిది కాదు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రికి ఇంకొకరు. అసలు సమస్యంతా ఆ ‘ఇంకొకరి’ దగ్గరే మొదలవుతుంది.

నేను కెమిస్ట్‌ని కాదు. ఇంజినీరింగ్ చదివి, ల్యాబ్ మెషీన్ల నుంచి వచ్చే డేటాను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. ఆ పని వల్ల జీసీ మాన్యువళ్లు చదవడం, దాన్ని నడిపేవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడటం అలవాటైంది. ఒకే సర్వర్‌ను పదిమంది వాడితే ఎన్ని తలనొప్పులో మాకు బాగా తెలుసు. ఒకే జీసీని పదిమంది వాడినా అంతే. కాకపోతే సర్వర్ పడిపోతే మళ్లీ లేపుతాం. మనిషి విషయంలో ఆ అవకాశం ఉండదు.

లోపల ఏం జరుగుతుంది?

1952లో ఏజేపీ మార్టిన్, ఏటీ జేమ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని ప్రపంచానికి చూపించారు. సంగతి సింపుల్. సిరంజితో ఒక మైక్రోలీటర్ శాంపిల్‌ను ఇంజెక్టర్‌లోకి పంపుతారు. అక్కడ 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఉంటుంది కాబట్టి శాంపిల్ వెంటనే ఆవిరైపోతుంది. హీలియం, నైట్రోజన్, హైడ్రోజన్... వీటిలో ఏదో ఒక గ్యాస్ ఆ ఆవిరిని మోసుకుంటూ ‘కాలమ్’ అనే సన్నని గొట్టంలోకి తీసుకెళ్తుంది. కాలమ్ పొడవు సాధారణంగా 30 మీటర్లు, లోపలి వెడల్పు పావు మిల్లీమీటరు. దాన్ని చుట్టలా చుట్టి ఓవెన్‌లో వేలాడదీస్తారు. ఆ దారిలో కొన్ని పదార్థాలు గోడకు అతుక్కుంటూ నిదానంగా, కొన్ని తొందరగా ప్రయాణిస్తాయి. ఒక్కొక్కటిగా చివరికి చేరేసరికి అక్కడ డిటెక్టర్ లెక్కపెడుతుంది.

ఎక్కువగా వాడే డిటెక్టర్ పేరు ఎఫ్‌ఐడీ. ఇది హైడ్రోజన్, గాలి కలిపి వెలిగించే చిన్న మంట. నిమిషానికి 30 నుంచి 40 మిల్లీలీటర్ల హైడ్రోజన్ చాలు. ‘ఇంతేనా!’ అనిపిస్తుంది కదా. ఆగండి, లెక్క చూద్దాం.

పద్నాలుగు నిమిషాల లెక్క

హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకోగలదు. అంటుకోవడానికి పెద్ద నిప్పూ అక్కర్లేదు, స్వెటర్ తీసేటప్పుడు చిటపటలాడే స్టాటిక్ చాలు. మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. వంటింటి గ్యాస్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఎందుకంటే అందులో కావాలనే ఘాటు వాసన కలుపుతారు. ల్యాబ్ హైడ్రోజన్‌లో ఆ వాసన ఉండదు. ముక్కును నమ్ముకుంటే పని జరగదు.

ఇప్పుడు ఇలా ఊహించండి. సాయంత్రం ఒకరు కాలమ్ తీసేసి, క్లీన్ చేద్దామని పక్కన పెట్టారు. డిటెక్టర్ కింద కాలమ్ బిగించే చోటు ఖాళీగా ఉంది, మూత పెట్టలేదు. ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్లారు. రాత్రి ఇంకొకరు వచ్చి, ఓవెన్ తలుపు తెరిచి చూడకుండానే హైడ్రోజన్ ఆన్ చేశారు. ఆ ఖాళీ రంధ్రంలోంచి గ్యాస్ ఓవెన్‌లోకి దిగుతుంది. ఓవెన్ లోపల చోటు సుమారు 14 లీటర్లు అనుకుందాం. అందులో 4 శాతం అంటే 560 మిల్లీలీటర్లు. నిమిషానికి 40 చొప్పున మొత్తం ఓవెన్‌లోకే పోతే, పద్నాలుగు నిమిషాలు! ఓవెన్ పూర్తిగా బిగుసుకున్న డబ్బా కాదు, కొంత బయటికి పోతుంది. అయినా ఒక టీ తాగి వచ్చేంత టైమ్‌లో ప్రమాదం దగ్గరపడుతుందన్నది నిజం. లోపల ఎర్రగా కాలే హీటర్ తీగ ఉండనే ఉంది.

ఇక్కడ తప్పెవరిది? కాలమ్ తీసినవాళ్లదా, గ్యాస్ తెరిచినవాళ్లదా? విడివిడిగా చూస్తే ఇద్దరూ తమ పని తాము చేసుకున్నారు. మధ్యలో చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు, అడగాల్సిన ఒక్క మాట అడగలేదు. అందుకే కాలమ్ లేనప్పుడు డిటెక్టర్‌కు మూత బిగించడం, మెషీన్‌పై ‘కాలమ్ లేదు, హైడ్రోజన్ తెరవొద్దు’ అని పెద్ద అక్షరాలతో చీటీ కట్టడం తప్పనిసరి.

కొత్త మెషీన్లు చాలావరకు మంట ఆరితే గుర్తించి హైడ్రోజన్ ఆపేస్తాయి. పాతవాటిలో ఆ సదుపాయం ఉండకపోవచ్చు. మంట వెలిగిందో లేదో చూడాలంటే డిటెక్టర్ పైన మెరిసే స్పానర్ పట్టుకోండి. ఆవిరి చెమ్మ పడితే వెలిగినట్టే. పైనుంచి తొంగి చూడటం, చెయ్యి పెట్టి చూడటం మాత్రం అస్సలు వద్దు.

హీలియం ధర పెరిగేకొద్దీ చాలా ల్యాబులు మోసుకెళ్లే గ్యాస్‌గా కూడా హైడ్రోజన్‌కే మారుతున్నాయి. అప్పుడు ఓవెన్‌లో కాలమ్ విరిగినా ఇదే ప్రమాదం. సిలిండర్ బదులు, కావాల్సినప్పుడు కావాల్సినంత తయారుచేసే హైడ్రోజన్ జనరేటర్ పెట్టుకుంటే నిల్వ తక్కువ కాబట్టి ముప్పూ తగ్గుతుంది.

సిలిండర్‌తో ఆటలొద్దు

2018 డిసెంబర్‌లో బెంగళూరు ఐఐఎస్సీలోని ఒక ల్యాబ్‌లో గ్యాస్ సిలిండర్ పేలి ఒకరు ప్రాణాలు కోల్పోయారు, ముగ్గురు గాయపడ్డారు. అది జీసీ ల్యాబ్ కాదు. కానీ దేశంలోనే పేరున్న సంస్థలో కూడా ఇలా జరిగిందంటే సిలిండర్‌ను ఎంత సీరియస్‌గా తీసుకోవాలో అర్థమవుతుంది.

మన దేశంలో హైడ్రోజన్ సిలిండర్ ఎర్రగా, నైట్రోజన్ బూడిద రంగు ఒంటికి నల్ల మెడతో, హీలియం గోధుమ రంగులో ఉంటాయి. అయినా రంగు చూసి ఆగిపోకండి, లేబుల్ చదవండి. హైడ్రోజన్ రెగ్యులేటర్ నట్టు ఉల్టా దిశలో బిగుస్తుంది. వేరే గ్యాస్‌ది పొరపాటున తగిలించకుండా అలా పెట్టారు. తిరగట్లేదని బలంగా తిప్పారనుకోండి, ఆ రక్షణ మీ చేతులతోనే పోగొట్టినట్టు.

సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టాల్సిందే. జరపాలంటే రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, ట్రాలీ మీద తీసుకెళ్లాలి. దొర్లించుకుంటూ వెళ్లడం సినిమాల్లోనే బాగుంటుంది. వాల్వ్ తెరిచేటప్పుడు రెగ్యులేటర్ ఎదురుగా కాకుండా పక్కన నిలబడి నెమ్మదిగా తిప్పండి. బయటి పైపుల జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లతో లీక్ చూడొచ్చు. కాలమ్ బిగింపుల దగ్గర మాత్రం సబ్బు నీళ్లు వాడకూడదు, లోపలికి పోయి కాలమ్ పాడవుతుంది. అక్కడ ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ వాడాలి.

‘నైట్రోజన్ మండదు కదా, భయమేంటి?’ అంటారు కొందరు. ఇంకో లెక్క చూడండి. నిండు సిలిండర్‌లో దాదాపు 7 ఘనపు మీటర్ల గ్యాస్ ఉంటుంది. 36 ఘనపు మీటర్ల చిన్న గదిలో, కిటికీలు మూసి ఉండగా అదంతా లీకైతే 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ సుమారు 17కి పడిపోతుంది. 19.5 కంటే తగ్గితేనే ప్రమాదకరం అంటారు. పైగా ఊపిరాడట్లేదని ముందుగా తెలియదు. మామూలుగా ఊపిరి పీలుస్తూనే ఉంటాం, తల తిరిగి పడిపోతాం. అందుకే గాలి ఆడే గది, ఆక్సిజన్ మానిటర్ రెండూ కావాలి.

వేడి, సూది, ఆవిరి

పెద్ద ప్రమాదాలు ఎప్పుడో జరుగుతాయి. చిన్నవి రోజూ కాచుకుని ఉంటాయి.

ఓవెన్ 50 డిగ్రీల కంటే కిందికి దిగాకే లోపల చెయ్యి పెట్టండి. ఓవెన్ చల్లబడినా ఇంజెక్టర్, డిటెక్టర్ ఇంకా కాలుతూనే ఉంటాయన్నది మర్చిపోవద్దు. సెప్టం మార్చే ముందు ఇంజెక్టర్ చల్లార్చి, ఒత్తిడి దించాలి. మెషీన్ వెనకనుంచి వేడిగాలి తన్నుకొస్తుంది, అక్కడ అసిటోన్ సీసాలు, టిష్యూ కట్టలు పెట్టొద్దు.

కాలమ్ చూడ్డానికి తీగలా ఉన్నా అది గాజులాంటి సిలికానే. కోసేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి. హెడ్‌స్పేస్ వయల్స్ వేడెక్కి లోపల ఒత్తిడితో ఉంటాయి, చల్లారాకే మూత తీయాలి. ఆటోశాంప్లర్ నడుస్తుండగా చెయ్యి పెడితే సూది దిగడమే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. స్ప్లిట్ పద్ధతిలో 50:1 పెట్టారంటే శాంపిల్‌లో చాలా భాగం కాలమ్‌లోకి పోదు, స్ప్లిట్ గొట్టంలోంచి బయటికి వస్తుంది. ఆ గొట్టానికి ఫిల్టర్ పెట్టకుండా, బయటికి దారి చూపకుండా వదిలేస్తే ఆ ఆవిరి పీల్చేది మనమే.

మీ ల్యాబ్‌లో ఈసీడీ అనే డిటెక్టర్ ఉంటే అందులో సాధారణంగా నికెల్-63 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాన్ని విప్పే పని ఎవరూ సొంతంగా పెట్టుకోకూడదు.

సాఫ్ట్‌వేర్‌కు కళ్లు లేవు

ఇది నా ఏరియా కాబట్టి కాస్త గట్టిగా చెప్తాను. స్క్రీన్ మీద ‘కాలమ్: 30 మీటర్లు, గరిష్ఠం 320 డిగ్రీలు’ అని కనిపించిందంటే లోపల అదే ఉందని కాదు. ఎవరో ఎప్పుడో అలా టైప్ చేశారని మాత్రమే అర్థం. నిన్న ఎవరైనా 250 డిగ్రీలకు మించి తట్టుకోలేని కాలమ్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో మార్చలేదనుకోండి. మీరు పాత మెథడ్ రన్ చేస్తే మెషీన్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా 300కి తీసుకెళ్తుంది. గ్యాస్ ఎంత వేగంగా వెళ్తుందనే లెక్క కూడా మనం ఇచ్చిన కొలతల మీదే ఆధారపడుతుంది. కాలమ్ మార్చినప్పుడు సెట్టింగ్ మార్చడం కూడా ఆ పనిలో భాగమే.

అలాగే, అందరికీ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్. మానిటర్ మీద అంటించి కూడా ఉంటుంది! దీనివల్ల ఎవరు ఏం మార్చారో కనిపెట్టలేం. ఎవరి లాగిన్ వాళ్లకుంటే తిట్టడానికి కాదు, ‘అక్కా, నిన్న టెంపరేచర్ ఎందుకు మార్చారు?’ అని నేరుగా అడగడానికి.

మెషీన్ ముట్టుకునే ముందు

ఈ అయిదు ప్రశ్నలను ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి:

1. లాగ్‌బుక్‌లో చివరి ఎంట్రీ ఏంటి? ఎవరు వాడారు, ఏం మార్చారు?
2. ఓవెన్ తలుపు తెరిచి చూశానా? కాలమ్ రెండు వైపులా బిగించి ఉందా?
3. మోసుకెళ్లే గ్యాస్ వస్తోందా? అది లేకుండా వేడి పెంచితే కాలమ్ పాడైపోతుంది.
4. స్క్రీన్ మీద ఉన్న కాలమ్, లోపల ఉన్న కాలమ్ ఒకటేనా?
5. రాత్రంతా రన్ పెడుతుంటే, మెషీన్ మీద నా పేరు, ఫోన్ నంబర్ రాశానా?

పని అయ్యాక వరస ఇది: ముందు హైడ్రోజన్ ఆపి మంట ఆర్పాలి, తర్వాత వేడి తగ్గించాలి, అన్నీ చల్లారాకే మోసుకెళ్లే గ్యాస్ ఆపాలి. చివరగా లాగ్‌బుక్‌లో రెండు లైన్లు. ‘అంతా ఓకే’ అని కాదు, ‘సెప్టం మార్చాను, హైడ్రోజన్ వాల్వ్ మూసేశాను’ అని స్పష్టంగా.

లీక్ అలారం మోగితే వంటింట్లో గ్యాస్ లీకైనప్పుడు చేసేదే ఇక్కడా. స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు. దారిలో ఉండి, సురక్షితం అనిపిస్తే సిలిండర్ వాల్వ్ మూయండి. లేదంటే వదిలేసి అందరినీ తీసుకుని బయటికి నడవండి. శాంపిల్ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు.

కొత్తగా చేరినవాళ్లు ప్రశ్నలు అడగడానికి ఎందుకు భయపడతారో నాకు తెలుసు. ‘ఎమ్మెస్సీ చేశావ్, ఇది కూడా తెలీదా?’ అన్న ఒక్క మాట చాలు, ఆ మనిషి నెల రోజులు నోరు తెరవడు. ఆ మౌనంలోనే మూత పెట్టని డిటెక్టర్లు, రాయని లాగ్‌బుక్‌లు పుడతాయి. సీనియర్లకు ఒక్కటే మనవి. రాత్రి పదకొండుకు జూనియర్ ఫోన్ చేసి ‘అన్నా, కాలమ్ పెట్టే ఉందా?’ అని అడిగితే విసుక్కోకండి. ఆ ల్యాబ్‌లో ఆ రాత్రి అందరికంటే సరిగ్గా పనిచేస్తున్నది ఆ జూనియరే.