పద్నాలుగు మీటర్ల దూరం

ఒక కాలనీ వీధి. పక్కన ఇస్త్రీ బండి, దాని వెనక ఆగి ఉన్న పాల వ్యాను. ఆ వ్యాను చాటు నుంచి ఒక పిల్లాడు బంతి కోసం రోడ్డు మీదికి ఉరికాడనుకుందాం. ఎదురుగా వస్తున్న కారు సరిగ్గా 14 మీటర్ల దూరంలో ఉంది. మూడున్నర కార్లు వరసగా నిలిపితే పట్టేంత దూరమది. డ్రైవరు ఫోను చూడటం లేదు, తాగి లేడు. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి. అయినా కన్ను చూసింది కాలిదాకా చేరడానికి ఒక సెకనైనా పడుతుంది. కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ సెకనులో ఎనిమిది మీటర్ల పైచిలుకు కదులుతుంది, బ్రేకు పడ్డాక మరో ఐదు మీటర్లలో ఆగుతుంది. పిల్లాడు చెయ్యి చాస్తే బానెట్ తగులుతుంది, అంతే. అదే కారు 50లో వస్తుంటే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లూ అయిపోతాయి. బ్రేకు మీద కాలు పడే వేళకే కారు పిల్లాణ్ణి చేరుకుంటుంది, ఒక్క కిలోమీటరు వేగమైనా తగ్గకుండా. రెండు సందర్భాల్లోనూ డ్రైవరు ఒకడే, పిల్లాడి తప్పూ ఒకటే. నగర వీధుల్లో వేగం తగ్గించాలనే వాదన మొత్తం ఈ 14 మీటర్లలో ఇమిడి ఉంది. వేగ పరిమితి అంటే ఎవరో ఒకరు చేసే పొరపాటుకు రోడ్డు ఇచ్చే గడువు.

ఆ గడువు దాటి ఢీకొన్నప్పుడు ఏమవుతుందో చెప్పే లెక్క ఇంకా కఠినం. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుందని హైస్కూలు భౌతికశాస్త్రంలోనే చదువుకున్నాం. ఆ లెక్కన 30 నుంచి 50కి వెళ్తే శక్తి రెండు ముప్పావు రెట్లకు పెరుగుతుంది. వాహనాల డిజైన్లు ఎంత మారినా ఎముకల బలం మారలేదు. అమెరికాలో 2011లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, గంటకు 37 కిలోమీటర్ల వేగంతో కారు ఢీకొంటే పాదచారుల్లో పదిమందికి ఒకరు చనిపోతారు. 51 దగ్గర నలుగురికి ఒకరు, 68 దగ్గర ఇద్దరికి ఒకరు. ఇవి సగటు మనిషి లెక్కలు. ముసలివాళ్ళకు ఇదే ముప్పు ఇంకా తక్కువ వేగానికే ఎదురవుతుంది. రోడ్డు మీద సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదో పదో కిలోమీటర్లు ఎక్కువైతే ఏం కొంప మునిగిందనుకుంటాం కానీ, నిజంగా మునిగేది ఆ ఐదూ పది దగ్గరే.

మనుషులు పొరపాట్లు చేస్తూనే ఉంటారు, ఆ పొరపాటుకు శిక్ష మరణం కాకూడదు అన్న సూత్రాన్ని స్వీడన్ పార్లమెంటు 1997లోనే విధానంగా ఆమోదించింది. అంతకు ముందే, 1992లో, ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం ప్రధాన రహదారులు తప్ప మిగతా వీధులన్నిటికీ 30 పరిమితి పెట్టింది. 2021 వచ్చేసరికి బ్రస్సెల్స్, పారిస్ నగరాలు చాలా వీధుల్లో అదే పాటించాయి. స్పెయిన్ అటొక వరస ఇటొక వరస ఉండే పట్టణ వీధులన్నిటికీ దేశమంతటా 30 ఖాయం చేసింది. ఇటలీలోని బొలోన్యా 2024 జనవరిలో ఈ దారి పట్టింది. ఆ ఏడాది అక్కడ ఒక్క పాదచారి కూడా వాహనం కింద పడి చనిపోలేదు. 1991 తర్వాత అలాంటి ఏడాది అదే మొదటిది. అన్నిటికన్నా గట్టి ఉదాహరణ ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి. దాదాపు ఏడు లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో 2024 జులై నుంచి 2025 జులై దాకా రోడ్డు ప్రమాదాల్లో మరణాలు సున్నా. కారు నడిపేవాడు, బైకు మీదివాడు, నడిచేవాడు, ఎవరూ చనిపోలేదు. అదంతా వేగ పరిమితి ఒక్కదాని మహిమ అనలేం. అక్కడ వీధులు సన్నగా మార్చారు, కెమెరాలు పెట్టారు, బస్సులూ ట్రాములూ బాగా తిరుగుతాయి. అయితే ఈ మార్పులన్నీ సాగింది సగానికి పైగా వీధుల్లో 30 అమలవుతున్న నగరంలో.

జనం దీన్ని ఎక్కడా పూలదండలతో ఆహ్వానించలేదన్నది కూడా చెప్పుకోవాలి. బ్రిటన్‌లోని వేల్స్ 2023 సెప్టెంబరు 17 నుంచి ఊళ్ళలోని వీధుల్లో సాధారణ పరిమితిని గంటకు 30 మైళ్ళ నుంచి 20 మైళ్ళకు, అంటే సుమారు 48 కిలోమీటర్ల నుంచి 32కి తగ్గించింది. ముప్పై లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో రద్దు చేయాలంటూ వచ్చిన అర్జీ మీద నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ప్రభుత్వం కొంత దిగివచ్చి, ఏ రోడ్లకు పాత పరిమితి తగునో స్థానిక సంస్థలు నిర్ణయించుకోవచ్చంది. కానీ అసలు నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేదు. తర్వాతి పన్నెండు నెలల్లో ఆ తరహా రోడ్లపై ప్రమాదాల్లో చనిపోయిన, గాయపడినవారి సంఖ్య అంతకు ముందటి ఏడాదికన్నా సుమారు నాలుగో వంతు తగ్గింది. కోపం కనబడింది సంతకాల్లో. మేలు కనబడింది ఆస్పత్రికి వెళ్ళనివాళ్ళలో. వాళ్ళకు తాము బతికిపోయామని కూడా తెలియదు, కాబట్టి వాళ్ళు ఏ అర్జీ మీదా సంతకం పెట్టరు.

అందరి నోటా ముందు వచ్చే అభ్యంతరం కాలం గురించి. ఆఫీసుకు లేటవుతుంది, డెలివరీ కుర్రాడికి ఆర్డరు పోతుంది అంటారు. లెక్క వేద్దాం. ఎక్కడా ఆగకుండా కిలోమీటరు దూరం 50 వేగంతో వెళ్తే 72 సెకన్లు, 30తో వెళ్తే 120 సెకన్లు. తేడా 48 సెకన్లు. ఎక్కడా ఆగని కిలోమీటరు నగరంలో ఉంటే కదా! టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల్లో హైదరాబాద్‌లో పది కిలోమీటర్ల ప్రయాణానికి సగటున అరగంట దాటింది. అంటే సగటు వేగం గంటకు 20 కిలోమీటర్ల లోపే. మన ప్రయాణ కాలాన్ని నిర్ణయిస్తున్నవి సిగ్నళ్ళు, యూటర్నులు, అడ్డదిడ్డంగా ఆపిన బండ్లు. వాటి మధ్య దొరికిన ఖాళీలో ఎంత గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినా తర్వాతి ఎర్ర లైటు దగ్గర అందరం కలుస్తాం. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. ఇక్కడ పరుగెత్తినా పాలు దొరకవు, సిగ్నలే దొరుకుతుంది. పైగా సామెతలో పరుగెత్తేవాడూ ఆయాసపడేవాడూ ఒక్కడే. రోడ్డు మీద పరుగు ఒకరిది, దెబ్బ ఇంకొకరిది.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. మన సమస్య వేగం కాదు, క్రమశిక్షణ లేకపోవడం. రాంగ్ రూటు, హెల్మెట్ లేకపోవడం, ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటడం, ముందు వాటి సంగతి చూడండి అంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీదివారు, 19.5 శాతం పాదచారులు. అతివేగమే కారణమని నమోదైన మరణాలు 71 శాతం. పోలీసు కాగితాల్లో కారణం అనే గడి నింపడానికి అతివేగం తేలికైన మాటే, కాబట్టి ఆ చివరి అంకెను కొంత అనుమానంతోనే చూద్దాం. మొదటి రెండు అంకెలు చాలు. చుట్టూ ఇనుప కవచం లేనివాళ్ళే ప్రతి ముగ్గురిలో ఇద్దరు. క్రమశిక్షణ రావాలి, నిజమే. కానీ అది తరాల మీద వచ్చేది, ఈలోగా పొరపాట్లు ఆగవు. ఫుట్‌పాత్ దుకాణాలకు పోయి, జీబ్రా గీతలు చెరిగిపోయిన వీధిలో పాదచారి రోడ్డు మీదికి దిగడాన్ని తప్పనడం కూడా సబబు కాదు. తప్పులు ఎక్కువగా జరిగే చోటే రోడ్డు ఎక్కువ గడువు ఇవ్వాలి. ఆ రకంగా చూస్తే హెల్సింకి కన్నా హైదరాబాద్‌కూ విజయవాడకూ ఈ అవసరం ఎక్కువ.

విచిత్రం ఏమంటే, 30 అన్న అంకె మనకు కొత్తది కాదు. కేంద్రం 2018లో పట్టణ రోడ్లపై కార్లకు 70 దాకా అనుమతిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. మద్రాసు హైకోర్టు 2021లో దాన్ని కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో జీహెచ్‌ఎంసీ పరిధిలో కార్లకు డివైడర్ ఉన్న రోడ్డుపై 60, లేని రోడ్డుపై 50, కాలనీ రోడ్డుపై 30 అని నిర్ణయించింది. ఆ 30 సంగతి కాలనీలో ఎంతమందికి తెలుసు? తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, వీధి వాళ్ళకా మాట చెప్పడం లేదు. వెడల్పుగా, తిన్నగా, నున్నగా వేసిన రోడ్డు డ్రైవరు కాలితో వెళ్ళు వెళ్ళు అంటుంటే, పక్కన కట్టిన బోర్డు మాట ఎవరు వింటారు? బోర్డుతో పాటు రోడ్డు రూపం మారాలి. మలుపులు బిగువుగా ఉండాలి, జీబ్రా క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి, బండి నడిచే వరస సన్నబడాలి. స్పీడ్ బ్రేకర్ సంగతే చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, వీపు కొద్దిగా వంగినట్టు ఉండాలి. దాని మీద 25 వేగంతో వెళ్తే బండికీ నడుముకూ ఇబ్బంది ఉండదు, అంతకు మించితేనే ఎగరేస్తుంది. మన వీధుల్లో కనిపించేవి మూరెడు వెడల్పు సిమెంటు గట్లు. వాటి దగ్గర ఐదు వేగంతో వెళ్ళేవాడి నడుమూ విరుగుతుంది, దాటగానే కసి కొద్దీ ప్రతివాడూ మళ్ళీ యాక్సిలరేటర్ తిప్పుతాడు.

చిన్న అభ్యంతరాలకు చిన్న జవాబులు చాలు. కొలత ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ అంబులెన్సునూ నిలువునా ఆపేయదు. నెమ్మదిగా వెళ్తే పొగ ఎక్కువన్న మాట ఇంజన్ నిలకడగా తిరిగే హైవేకి వర్తిస్తుందేమో కానీ, ఊళ్ళో ఇంధనం తాగేది ఆగి ఆగి మళ్ళీ దూకుడుగా బయల్దేరడమే. అన్ని రోడ్లకూ ఒకే తాళం వేయమని కూడా ఎవరూ అనడం లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 అనుమతించారు. అక్కడ పిల్లాడు బంతి కోసం రాడు, కూరల బండి ఎదురుపడదు. కారు ప్రపంచం వేరుగా కట్టిన చోట కారు వేగం వేరుగా ఉండొచ్చు. బడి, గుడి, కిరాణా కొట్టు, మన గేటు ఉన్న వీధి అలాంటిది కాదు. ఆ వీధికి 30 చాలని మన ప్రభుత్వమే రాసుకుంది. ఇక మిగిలింది ఆ రాతను కాగితం మీంచి తారులోకి దించడం. దానికి కొంత పెయింటు, కొంత తారు, సరైన కొలతలో బెత్తెడు పైచిలుకు ఎత్తు కావాలి. పాల వ్యాను చాటు నుంచి వచ్చినవాడు బంతి తీసుకుని ఇంటికి వెళ్ళడానికి ఆ మాత్రం చాలు.