చిన్న విమానం - పెద్ద రొద

బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనస మానును తొలిచి ఏకాండి వీణను మలిచే శిల్పులు దాని ఒక చివర బోలుగా కుండను తీర్చిదిద్దుతారు. తీగ చేసే సన్నని సవ్వడి ఆ కుండ వల్ల పెంపొంది సభ నిండా వినిపిస్తుంది. ధ్వనిని అణచడానికి కూడా ఒక బోలు పాత్రే సాధనమవుతుందంటే మొదట వింతగానే తోస్తుంది. మోటారు సైకిలుకు ఉండే అట్టి పాత్రను జనం సైలెన్సర్ అంటారు. నమూనా విమానాలు ఎగురవేసేవారు మఫ్లర్ అంటారు.

ఎన్.సి.సి.లో వైమానిక విభాగం 1950లో ఏర్పడింది. నమూనా విమానాల నిర్మాణం ఆ శిక్షణలో ఒక భాగం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వరికోతలు ముగిసి ఎండిన మళ్ళు ఈ విద్యకు అనువైనవే. కాని మళ్ళను ఆనుకొనే ఊళ్ళుంటాయి. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి ధ్వని 55 డెసిబెల్‌లకు మించరాదు. పాఠశాలలు, ఆసుపత్రుల చుట్టూ నూరు మీటర్ల మేర ఆ హద్దు 50 మాత్రమే.

ఊరివారి మాట అటుంచి, ఎగురవేసేవాని చెవుల మాట ఏమిటి? అమెరికాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన హైరమ్ మాక్సిమ్ 1884లో మెషిన్‌గన్‌ను రూపొందించాడు. 1894లో ఆవిరి విమానాన్నీ పరీక్షించాడు. తుపాకుల మోతతోనే గడిచిన అతని బ్రతుకు చివరికి చెవుడుతో ముగిసింది. అతని కుమారుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకి ధ్వనిని తగ్గించే సాధనానికి పేటెంటు పొంది, తరువాత ఇంజన్ల మఫ్లర్ల వైపు మళ్ళాడు. తండ్రి పెంచిన మోతను కొడుకు అణచవలసి రావడం విచిత్రమే.

నమూనా విమానాలలో విరివిగా వాడిన ఒక ఇంజను పరిమాణం 6.5 ఘన సెంటీమీటర్లు, అనగా ఒక చెంచాకు కాస్త ఎక్కువ. అది నిమిషానికి 12,000 సార్లు తిరిగితే, రెండు స్ట్రోకుల ఇంజను కనుక, సెకనుకు 200 సార్లు వ్యర్థవాయువు ఒత్తిడితో బయటికి తన్నుకొస్తుంది. ఆ తన్నులే మన చెవికి రొద. మఫ్లర్‌లోని విశాలమైన గదిలోకి రాగానే వాయువు వ్యాకోచించి ఒత్తిడిని కోల్పోతుంది. ధ్వనితరంగంలో కొంత భాగం వెనుకకు మరలుతుంది. మిగిలిన వాయువు సన్నని గొట్టం గుండా నిదానంగా వెలువడుతుంది.

ఇక్కడే చిక్కు ఉన్నది. నిర్గమ గొట్టం మరీ సన్ననిదైతే వాయువు సిలిండరులోనే మిగిలి, ఇంజను వేడెక్కి, శక్తి క్షీణిస్తుంది. మరీ వెడల్పైతే మఫ్లర్ ఉండీ లేనట్లే. కనుక ఆ ఇంజనుకై తయారైన మఫ్లర్‌ను ఎంచుకోవడం మేలు. వేరొకటి అమర్చవలసివస్తే మరమేకుల రంధ్రాల దూరాన్నీ, వాయుద్వారపు కొలతనూ ముందే సరిచూడాలి. దాని బరువు ముక్కు వైపు పడుతుంది గనుక విమానపు తూకాన్ని కూడా మరల సరిదిద్దాలి.

చాలా మఫ్లర్లకు చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. దానిని సిలికాను నాళంతో ఇంధనపు తొట్టికి కలిపితే లోపలి ఒత్తిడి ఇంధనాన్ని నెట్టుతూ ధారను నిలకడగా ఉంచుతుంది. అందువల్ల మఫ్లర్ బిగించాక నీడిల్ వాల్వును కొత్తగా సరిచేయక తప్పదు. మొదట ఇంధనం ఎక్కువగా పారనిచ్చి, వేగం గరిష్ఠమయ్యేదాకా క్రమంగా తగ్గించి, పిదప కొంచెం వెనుకకు తిప్పాలి. ఇంధనం మరీ తగ్గితే దానితోపాటు కందెన కూడా తగ్గి ఇంజను పాడవుతుంది. ఇంధనంలో ప్రధానమైనది మిథనాలు. అది విషం; దాని మంట పగటి వెలుగులో కానరాదు. కందెనగా కలిపేది చాలాచోట్ల ఆముదమే. చెట్లులేని ఊళ్ళో మహావృక్షమని ఎగతాళికి గురైన ఆముదపు చెట్టుకు ఈ గౌరవం దక్కడం ముచ్చటైన విషయం!

మఫ్లర్ అన్ని ధ్వనులనూ ఆపజాలదు. పది అంగుళాల ప్రొపెల్లరు ఆ వేగంతో తిరిగితే దాని కొన సెకనుకు సుమారు 160 మీటర్లు పరుగెడుతుంది. ఆ రొద తగ్గాలంటే పెద్ద ప్రొపెల్లరును తక్కువ వేగంతో త్రిప్పాలి. విద్యుత్ మోటార్లు వచ్చాక ఇంజను మోత పోయినా ప్రొపెల్లరు మోత పోలేదు.

వేడికీ, కంపనానికీ మరమేకులు సడలుతాయి. అందుచేత తొలిసారి నడిపిన పిమ్మట, ఇంజను చల్లారనిచ్చి, వాటిని మరల బిగించాలి. అల్యూమినియం మెత్తని లోహం. బలమంతా ఉపయోగిస్తే రంధ్రంలోని మరలు అరిగిపోయి, తరువాతి ప్రయాణంలో మఫ్లర్ ఊడి పొలంలో పడుతుంది.